సున్నా ఫిర్యాదుల వీధి

నాకు నోరెక్కువని భిలాయి క్యాంప్ 2లో తెలియనివాళ్ళు లేరు. మా వీధి మొదట్లో పొద్దున్నే ఇడ్లీ బండి పెడతాను. అక్కడ నిలబడి నేను మాట్లాడితే వీధి చివరింట్లో పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చుంటారని మా ఆయన చిట్టిబాబు ఎగతాళి చేస్తాడు. అలాంటిదాన్ని, పోయిన ఎండాకాలం ఒక్క మాట నోట్లోనే అణిచిపెట్టుకున్నాను. నా జన్మలో అన్ని రోజులు నోరు మూసుకున్నది అప్పుడొక్కసారే.

మా ఆయనది నగర్ నిగమ్‌లో, అంటే మున్సిపాలిటీలో, కుళాయిలకు నీళ్ళు వదిలే పని. తెల్లారకుండానే పొడవాటి ఇనప కమ్మీ భుజాన వేసుకుని వెళ్ళి, వీధివీధినా వాల్వు తిప్పుతాడు. పద్నాలుగేళ్ళ నుంచీ ఠేకాదారు కిందే, కాంట్రాక్టు పనే. ఏ మార్చిలో తీసేస్తారో, ఏ ఏప్రిల్లో మళ్ళీ పెట్టుకుంటారో తెలియని బతుకు. అయినా ఆ వార్డులో ఏ పైపు ఎక్కడ వంక తిరిగిందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మా వీధిలోనే కాదు, వార్డంతటా ఎవరి కుళాయి కారినా ఆఫీసుకు వెళ్ళరు. ఇడ్లీ కొనుక్కోవడానికి వచ్చి నాకు చెబుతారు. నేను ఆయనకు చెబుతాను. సాయంత్రానికి ఆయన వెళ్ళి బాగుచేసి వస్తాడు. ఆఫీసులో శికాయత్ బుక్కని ఫిర్యాదుల పుస్తకం ఒకటుందని మాలో చాలామందికి తెలియనే తెలియదు.

ఏప్రిల్ నెలలో ఒకరోజు జోన్ ఆఫీసులో మీటింగని వెళ్ళి, ముఖం వెలిగిపోతూ వచ్చాడు.

“ఫారిన్ బ్యాంకు డబ్బులంట వరం” అన్నాడు చొక్కా విప్పుతూ. “ఊరికే ఇవ్వరంట. వార్డు వార్డుకీ వచ్చి చూస్తారంట. నీళ్ళెలగొస్తన్నాయి, నాలీలెలగున్నాయి, శికాయత్‌ల సంగతేటి... అన్నిటికీ మార్కులు. మార్కులొస్తేనే డబ్బు.”

“మార్కులేటి? నువ్వేటి పదో క్లాసు రాస్తన్నావా?”

ఆయన నవ్వలేదు. “ఫస్టొచ్చిన వార్డులో పనోళ్ళ పేర్లు పక్కా చెయ్యడానికి పైకి రాస్తారంట. ఠేకా ఉండదు. నిగమ్ పనోడినైపోతాను. జూన్ పదిహేనున చూడ్డానికొస్తారు.”

పక్కా! పర్మినెంటు కావడమన్న ఆ మాట మా ఇంట్లో పద్నాలుగేళ్ళుగా తిరుగుతోంది. కూతురు కృష్ణప్రియ పెళ్ళిలో కూడా, అబ్బాయి తరఫువాళ్ళు మొదట అడిగింది అదే: నాన్నగారిది పక్కా ఉద్యోగమేనా అని. ఆ రోజు ఆయన తల వంచుకుని అరిటాకులు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాడు.

మా మామగారు గురునాథరావు కూలర్ ముందు కూర్చుని ఇదంతా వింటున్నాడు. స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో ముప్పయ్యారేళ్ళు చేసి రిటైరైన మనిషి. ఇన్‌స్పెక్షన్ అన్న మాట వినగానే ఆయన నడుం నిటారైపోతుంది.

“ఒరే చిట్టీ, ఇన్‌స్పెక్షనంటే నాకు చెప్పు. మా మిల్లు గేటు కాడ బోర్డుండేది. ప్రమాదాలు: సున్నా. ఆ సున్నా చూసి ఎంత పెద్ద ఆఫీసరైనా చెయ్యి కలిపేవోడు. నీకూ అంతే. శికాయత్ బుక్కులో సున్నా ఉండాల. ఒక్కటి రాసినా మార్కు పోద్ది.”

మా ఆయన తలూపాడు. నేనూ తలూపాను. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ప్లాంటులో చేసినవాళ్ళో, చేస్తున్నవాళ్ళో ఉంటారు. చిన్నప్పటి నుంచీ ఆ బోర్డుల గురించే వింటూ పెరుగుతాం. సున్నా కంటే గొప్పది ఇంకేముంటుంది? ఆఫీసులో ఇచ్చిన కాగితం ఆయన జేబులోనే ఉంది. హిందీలో, చిన్న చిన్న అక్షరాల్లో నాలుగు పేజీలు. దాన్ని విప్పి చదవాలని మాలో ఎవరికీ తోచలేదు.

మర్నాటి నుంచీ ప్రచారం నాది. బండి దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. అదీ చాలదని మధ్యాహ్నాలు ఇల్లిల్లూ తిరిగాను. “ఎవులొచ్చి అడిగినా నీళ్ళు భేషుగ్గున్నాయని చెప్పండి. ఆఫీసుకి ఫోన్ చేసేరంటే ఊరుకోను. ఏటున్నా నాకు చెప్పండి, ఆయన చూసుకుంటాడు.”

ఎదురింటి లక్ష్మీకుమారి నాకంటే ముందు నడిచింది. పాతికేళ్ళ స్నేహం మాది. నేను భిలాయికి కాపరానికి వచ్చిన మొదటి రోజు నాకు నిప్పూ నీరూ అందించింది ఆవిడే. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపే, చుట్టరికం ఏమీ లేదు. అయినా వదినా అంటే వదినా అనుకుంటాం. “అన్నయ్య పక్కా అయితే మాకు కాదేటి వదినా సంతోషం? ఈ వీధిలో నోరెత్తినోళ్ళని నాకు చూపించు” అంది. హిందీ వాళ్ళిళ్ళకు కూడా ఆవిడే వెళ్ళి చెప్పొచ్చింది. మాకోసం వీధంతా ఒక్కటైపోయిందని నేను మురిసిపోయాను.

మే మొదటి వారంలో నీళ్ళు వాసన కొట్టాయి.

ముందు మా కుళాయిలోనే తెలిసింది. బిందె మూతి దగ్గర ముక్కు పెడితే మురుగు కంపు. కాస్త వదిలేశాక తేటగా వచ్చేవి. లక్ష్మీకుమారి గ్లాసుతో పట్టుకొచ్చి చూపించింది. మా ఆయన ఆ సాయంత్రమే వెళ్ళి నాలీలోకి, ఇళ్ళ ముందు మురుగు కాలువలోకి, దిగాడు. గంట తర్వాత మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, అరుగు మీద కూర్చుండిపోయాడు.

“నాలీ కింద పైపు కుళ్ళిపోయినాది. నీళ్ళు ఆపీగానే నాలీలోది లోపలికి పోతన్నాది. రబ్బరు చుట్టొచ్చినాను గానీ ఎన్నాళ్ళుంటాదో చెప్పలేను.”

“కొత్త పైపెయ్యి మరి.”

“నా చేతిలో పనా అది? రోడ్డు కొట్టాల. ఆఫీసు ఆర్డరుండాల. ఆర్డర్ కావాలంటే బుక్కులో శికాయత్ రాయాల.”

ఇద్దరం మామగారి వైపు చూశాం. ఆయన పంచె సవరించుకుంటూ, “నెలాగితే ఏటైపోద్ది? పదిహేనో తారీకు దాటినాక రాయండి” అన్నాడు.

ఆయన ఒక్కడిదే తప్పంటే అబద్ధం చెప్పినట్టు. ఆ మాట ఆయన అనకపోతే నేనే అనేదాన్ని.

రబ్బరు వారానికోసారి ఊడిపోయేది. మా ఆయన ఎవరూ చూడకుండా వెళ్ళి మళ్ళీ చుట్టి వచ్చేవాడు. ఎవరైనా వాసనంటే, పైనుంచే అలా వస్తున్నాయి, పొద్దున్న రెండు బిందెలు వదిలేసి పట్టుకోండి అని చెప్పేదాన్ని. వదిలేసి పట్టుకున్నారు. చిట్టిబాబు పెళ్ళాం చెబితే అది ఆఫీసు చెప్పినట్టే వాళ్ళకి. నేను మాత్రం మా ఇంట్లో తాగే నీళ్ళూ, బండి మీద నీళ్ళూ కాచి వాడేదాన్ని. ఎందుకు కాస్తున్నావని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మే ఆఖరికి వీధిలో ఇద్దరికి కామెర్లొచ్చాయి. చివరింటి టైలర్‌కి, ఆయన కూతురికి. చెరుకురసం తాగుంటారులే అన్నారు జనం. నేను కూడా అన్నాను. అని, ఇంటికొచ్చి తలుపు మూసుకుని మా ఆయన మీద పడ్డాను.

“ఇప్పుడేటి చెప్తావు?”

“పదిహేను రోజులే వరం. పద్నాలుగేళ్ళు ఆగినాం...” అన్నాడు. మనిషి ఆ నెలలో సగమైపోయాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. అలాంటి మనిషిని ఇంకేం తిట్టను?

అప్పటికి మా ప్రియ పురిటికి వచ్చి ఇంట్లోనే ఉంది. ఈ ఊళ్ళోనే కోహ్కాలో దాని అత్తవారిల్లు. ఏడో నెల. కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ కామెర్లొస్తే ప్రాణం మీదికి వస్తుందని ఆస్పత్రిలో నర్సు ఎవరితోనో అంటుంటే నా చెవిన పడింది. జూన్ మూడో తారీకు పొద్దున్న ఆటో పిలిచి దాన్ని సెక్టర్ 7కి పంపేశాను. మా ఆడపడుచు కన్నమ్మ వాళ్ళది ప్లాంటు క్వార్టరు. అక్కడి నీళ్ళ లైను వేరు.

ఆటో సందు తిరిగేసరికి, స్టీలు క్యాను పట్టుకుని లక్ష్మీకుమారి కోడలు హేమమాలిని బండి దగ్గరికి వచ్చింది. దానికీ ఆరో నెల. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు కంటే హిందీ బాగా వచ్చు. ప్రియా అదీ మధ్యాహ్నమంతా మా అరుగు మీద కూర్చుని పిల్లల పేర్లు వెతుక్కునేవారు.

“పిన్నీ, ప్రియ దీదీ ఎక్కడికెళ్ళిపోయింది? బ్యాగు కూడా పట్టుకెళ్ళింది?”

“సెక్టర్ సెవెన్‌కమ్మా. మేనత్తింటికాడ నాల్రోజులుంటాది. ఇక్కడ ఎండ ఎక్కువగా ఉంది కదా.”

“అక్కడ ఎండ ఉండదా?” అని నవ్వింది.

నేను కూడా నవ్వాను. ఇడ్లీలు క్యానులో పెడుతుంటే నా చెయ్యి ఆగింది. ఆ పిల్ల పొట్ట మీద చెయ్యేసుకుని, చెమట తుడుచుకుంటూ నిలబడి ఉంది. చెప్పాలనిపించింది. హేమా, నువ్వు కూడా మీ అమ్మింటికి పో, ఈ నీళ్ళు ముట్టుకోకు అని నోటిదాకా వచ్చింది. చెబితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే వాళ్ళాయన రాజ్‌కిరణ్ ఊరుకోడు, తిన్నగా ఆఫీసుకు పోతాడు. ఇంక పన్నెండు రోజులే.

“నీళ్ళు కాచుకుని తాగమ్మా” అన్నాను.

“ఎందుకు పిన్నీ, బాగోలేవా?”

“బాగానే ఉన్నాయి. ఎండాకాలం కదా, మంచిదని.”

“గ్యాస్ అయిపోతే అత్తమ్మ తిడుతుంది” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఒక చట్నీ పొట్లం ఎక్కువ వేశాను. ఛీ, చట్నీ పొట్లం!

ఆ తర్వాత రోజులు ఎలా నడిచాయో నాకే తెలియదు. పొద్దున్న బండి పెట్టగానే ఎదురింటి తలుపు వైపు చూసేదాన్ని. హేమ బయటికొస్తే ఊపిరొచ్చేది. రాకపోతే ఇడ్లీపిండి చేతిలోనే ఉండిపోయేది. ఎనిమిదో తారీకున నీరసమంది. పదోనాడు వాంతులంది. కడుపుతో ఉన్నప్పుడు మామూలే అంది లక్ష్మీకుమారి. “నా రాజాగాడు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇలగే ఉండేది వదినా” అని నిమ్మకాయ నీళ్ళు కలిపిచ్చింది. ఏ నీళ్ళతో? ఆ కుళాయి నీళ్ళతోనే! నేను చూస్తూ నిలబడ్డాను.

పద్నాలుగో తారీకు మధ్యాహ్నం లక్ష్మీకుమారి కేక వినబడింది. పరిగెత్తాను. హేమ మంచం మీద ఉంది. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. అత్తగారి మొహం చూస్తోంది గానీ పోల్చుకోవడం లేదు. రాజ్‌కిరణ్ దాన్ని చేతుల మీద ఎత్తుకుని ఆటోలో వేసుకుని పక్కూరు దుర్గ్‌లో పెద్దాస్పత్రికి పట్టుకెళ్ళాడు. లక్ష్మీకుమారి చెప్పులు కూడా లేకుండా ఎక్కేసింది. “వదినా, మా ఇంటికి తాళమెయ్యి!” అని నాకు చెప్పింది. వాళ్ళింటి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని ఆ గడప మీదే కూలబడ్డాను.

మర్నాడు తనిఖీకి రాయపూర్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. శ్రుతి తివారీ అని మెడలో కార్డు, చేతిలో పలకంత ఫోను. వెనకాల జోన్ ఆఫీసు మనిషి. మా ఆయన ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాడు. మామగారు ప్లాంటువాళ్ళు రిటైర్మెంటుకిచ్చిన గడియారం పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

ఆ అమ్మాయి ఇల్లిల్లూ తిరిగింది. నీళ్ళు రోజూ వస్తున్నాయా? వస్తున్నాయి. బాగున్నాయా? బాగున్నాయి. ఏమైనా ఫిర్యాదా? ఏం లేదు. కామెర్లతో గోడకానుకుని కూర్చున్న టైలర్ కూడా బాగున్నాయనే అన్నాడు. నేను వెనకే నడుస్తున్నాను. నేను నేర్పిన మాటలే ఒక్కొక్క గడప దగ్గరా నాకు వినబడుతున్నాయి.

తాళం వేసిన ఇంటి ముందు ఆగింది. “వీళ్ళు లేరా?” అని హిందీలో అడిగింది.

“ఊరెళ్ళారు” అన్నాడు మా ఆయన.

“ఊరెళ్ళలేదు” అన్నాను నేను.

వీధిలో ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు. మా ఆయన “వరం” అన్నాడు, మెల్లగా, ఒక్కసారే. నేను ఆయన వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని నాకు తెలుసు.

“ఆస్పత్రిలో ఉన్నారు. ఆ ఇంటి కోడలు కడుపుతో ఉంది, కామెర్లొచ్చి తెలివి తప్పింది. ఈ నాలీ కింద పైపు కుళ్ళిపోయింది. మురుగు నీళ్ళు కలుస్తున్నాయి. నెలా పది రోజుల నుంచి. మా ఆయనకు తెలుసు, నాకు తెలుసు. చెప్పొద్దని వీళ్ళందరికీ చెప్పింది నేనే.” నా హిందీ అంత మంచిది కాదు. అయినా ఆ రోజు ఎక్కడా తడబడలేదు.

ఆ అమ్మాయి ఫోనులో రాసుకోవడం ఆపేసింది. జోన్ ఆఫీసు మనిషి మా ఆయన్ని చూస్తూ, “చిట్టీ భయ్యా, మరి బుక్కులో ఎందుకు రాయలేదు?” అన్నాడు.

మామగారు కుర్చీలోంచి లేచాడు. “మేడమ్, బుక్కు సున్నా ఉంది. పద్నాలుగేళ్ళలో మావాడి మీద ఒక్క శికాయత్ లేదు. అదొక్కటీ రాసుకోండి.”

ఆ అమ్మాయి ఆయన వైపు జాలిగా చూసింది. “బాబాజీ, సున్నాకి మార్కులు లేవు. ఫిర్యాదు తీసుకుని రెండు రోజుల్లో బాగుచేస్తేనే మార్కు. ఎన్ని తీసుకుని ఎన్ని బాగుచేస్తే అంత మంచిది. కాగితంలో ఉంది కదా. ఒక్కటీ రాయని వార్డును అసలు లెక్కలోకే తీసుకోము.”

పద్నాలుగేళ్ళలో మా ఆయన బాగుచేసిన కుళాయిలు ఎన్ని! అన్నీ నా బండి దగ్గర చెప్పినవే. ఒక్కటి కూడా ఎక్కడా రాసి లేదు. ఆ పైపు మేలోనే రాసుంటే రెండు రోజుల్లో వేసేవారు. మార్కూ వచ్చేది. మామగారు మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. మా ఆయన ఇనప కమ్మీ తీసుకుని వెళ్ళి వీధి వాల్వు కట్టేశాడు. నీళ్ళు ఎవరూ పట్టుకోకుండా ఆ సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడు. మర్నాటికి మనుషులొచ్చి రోడ్డు కొట్టారు, ఆ మర్నాటికి కొత్త పైపు పడింది.

పదిహేడో తారీకున దుర్గ్ వెళ్ళాను. హేమకు తెలివొచ్చిందని రాజ్‌కిరణ్ ఫోన్‌లో చెప్పాడు. బిడ్డ దక్కలేదని కూడా చెప్పాడు. మగపిల్లాడట. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద లక్ష్మీకుమారి ఒక్కత్తే కూర్చుని ఉంది. కాళ్ళకు ఎవరివో రబ్బరు చెప్పులున్నాయి. తాళంచెవి ఇచ్చాను. తీసుకుని పక్కకు జరిగి చోటిచ్చింది. నేను తెచ్చిన జావ గిన్నె మా ఇద్దరి మధ్యా పెట్టాను.

వీధిలో జరిగిందంతా ఆవిడకు అప్పటికే తెలుసు. ఏడుపొచ్చింది. ఆవిడ నన్ను ఏడవనిచ్చింది. వార్డులోంచి ఎవరో పిల్ల మూలుగు వినిపిస్తోంది. ఆవిడే అడిగింది.

“ఈ నీళ్ళతో మా హేమ ప్రాణం మీదికొస్తాదని నీకు ఎప్పుడు తెలిసింది?”

అబద్ధం చెప్పొచ్చు. పదిహేనో తారీకున తెలిసిందనొచ్చు. టైలర్ సంగతి చెప్పి, చెరుకురసం అనుకున్నామనొచ్చు.

“ప్రియని పంపించిన రోజే” అన్నాను.

ఆవిడ మూడో తారీకు నుంచి హేమ పడిపోయిన రోజు దాకా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఒక చెయ్యి అయిపోయింది, రెండోది అయిపోయింది, మళ్ళీ మొదటి చెయ్యి బొటనవేలు మడిచింది.

“అయితే మాకు పదకొండు రోజులుండేవి, వరమ్మా” అంది.

పాతికేళ్ళలో ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.